బాబు మజ్జలో కణాలు మధ్యలోనే ఆగిపోయాయట... తప్పు మా అమ్మ వైపుదేనా?

గుంటూరు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, పేట బయటపెట్టొద్దని కోరారు. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు ఇద్దరు పిల్లలు. పాపకు ఆరేళ్లు, ఆరోగ్యంగా ఉంది. బాబుకు పదహారు నెలలు. పుట్టిన మూడో వారంలోనే బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము పట్టింది. తర్వాత చెవిలో చీము, తొడ మీద గడ్డ, నోట్లో పుళ్లు, చిగుళ్ల వాపు, రెండుసార్లు న్యుమోనియా. యాంటీబయాటిక్ వాడితే తగ్గుతుంది, నెల తిరక్కుండా మళ్లీ ఏదో ఒకటి వస్తుంది. చివరికి ఒక పిల్లల డాక్టరు పాత రక్తపరీక్ష కాగితాలన్నీ వరసగా పెట్టి చూశారు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల లెక్క ఏ ఒక్కసారీ రెండు వందలు దాటలేదు. వెంటనే విజయవాడలో రక్తవ్యాధుల స్పెషలిస్టు దగ్గరికి పంపారు. అక్కడ బోన్ మ్యారో టెస్ట్ చేస్తే "ప్రోమైలోసైట్ దశలో ఎదుగుదల ఆగిపోయింది" అని వచ్చింది. రోజూ ఒక ఇంజెక్షన్ ఇవ్వాలని, అది ఏళ్ల తరబడి సాగవచ్చని, జన్యుపరీక్ష చేయించాలని, తర్వాత మజ్జ మార్పిడి గురించి కూడా ఆలోచించవచ్చని డాక్టరు చెప్పారు.

ఇక ఇంటి సంగతి. భర్తకు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. ఆయన ఈమెకు మేనత్త కొడుకే. "మా పుట్టింట్లో, మెట్టింట్లో ఇలాంటి జబ్బు ఎప్పుడూ లేదు, ఇది మీ అమ్మ వైపు నుంచి వచ్చిందే" అని అత్తగారు రోజూ అంటున్నారు. ఆ ఇంజెక్షన్ వల్ల బ్లడ్ క్యాన్సర్ వస్తుందని మరిది ఎక్కడో చదివి అందరినీ భయపెట్టారు. దాంతో మూడు వారాలైనా ఇంజెక్షన్ మొదలుపెట్టలేదు. దాని బదులు ఒక ఇమ్యూనిటీ పొడి పాలల్లో కలిపి పట్టిస్తున్నారు. కోటప్పకొండలో పుట్టువెంట్రుకలు తీయిస్తే అన్నీ సర్దుకుంటాయని అత్తగారి నమ్మకం. పాప మజ్జ తీస్తే రేపు దానికి పెళ్లి కాదని బంధువుల మాట. భర్త ఏమీ మాట్లాడరు, రాత్రి ఆలస్యంగా వస్తున్నారు.

వీటన్నిటి మధ్యా ఇంకో ముడి ఉంది. ఈమె తమ్ముడికీ, భర్త చెల్లెలికీ పెళ్లి అనుకున్నారు. కుండమార్పిడి. మాఘంలో నిశ్చితార్థం. "నేను నోరు విప్పితే రెండిళ్లకూ శత్రువునవుతాను. విప్పకపోతే, రేపు వాళ్ల బిడ్డకూ ఇలాగే అయితే నన్ను నేను క్షమించుకోలేను. అసలు రిపోర్టులో ఏముందో కూడా నాకు సరిగ్గా అర్థం కాలేదు. మా అమ్మ వల్లే అయితే అదైనా చెప్పండి" అని రాశారు.

సమాధానం

అమ్మా, మిగతా అన్నిటికంటే ముందు ఒక్క మాట. బాబుకు ఒళ్లు 100.4 ఫారెన్‌హీట్ చూపించిందంటే, అది అర్ధరాత్రి అయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. పారాసెటమాల్ వేసి "చూద్దాం" అనుకోవద్దు. మందు జ్వరాన్ని తగ్గిస్తుంది, రక్తంలో పాకుతున్న బ్యాక్టీరియాను తగ్గించదు. న్యూట్రోఫిల్స్ లేని పిల్లలకు చీము కూడా సరిగ్గా పట్టదు, వాపు పెద్దగా కనపడదు. లోపల ఏదో జరుగుతోందని చెప్పే గుర్తు చాలాసార్లు జ్వరం ఒక్కటే. "న్యూట్రోఫిల్స్ ఐదు వందల లోపు ఉన్న బిడ్డ, జ్వరం వస్తే వెంటనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వాలి" అని మీ స్పెషలిస్టు చేత ఒక ఉత్తరం రాయించుకుని, రిపోర్టుతో కలిపి ఒక సంచిలో సిద్ధంగా పెట్టుకోండి. క్యాజువాలిటీలో అప్పుడే డ్యూటీ ఎక్కిన కుర్ర డాక్టరుకు మీరు కథంతా చెప్పుకోవలసిన పని ఉండదు. మలద్వారం దగ్గర థర్మామీటరు పెట్టనివ్వకండి. చంక కింద చూస్తే చాలు.

ఇప్పుడు రిపోర్టు. మజ్జ స్లైడ్లు చూడటమే ఉద్యోగంగా బతికినదాన్ని కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలని ఉంది. ఇది అర్థమైతే మీ ఇంట్లో నడుస్తున్న వాదనల్లో సగం వాటంతట అవే తేలిపోతాయి.

మనిషి ఎముకల లోపలి మజ్జలో మూలకణాలు ఉంటాయి. సంఖ్యలో చాలా కొద్ది. ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, రకరకాల తెల్లకణాలు అన్నీ వాటి సంతానమే. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నీళ్లను చూశారు కదా. అదే నీరు అటు విజయవాడ వైపు కాలువల్లోకీ, ఇటు గుంటూరు వైపు కాలువల్లోకీ చీలుతుంది. ఒక కాలువలోకి మళ్లిన నీరు ఇక వెనక్కి వచ్చి రెండోదాంట్లో పడదు. ముందుకు పోయేకొద్దీ ఇంకా చిన్న పాయలుగా విడిపోతుంది. మూలకణాల సంతానం కూడా దాదాపు ఇలాగే నడుస్తుంది. మొదట్లో వచ్చే పెద్ద చీలికలో ఒక పాయ లింఫోసైట్ల వైపు పోతుంది. టీకాలను గుర్తుపెట్టుకుని యాంటీబాడీలు తయారుచేసే కణాలు అటు పుడతాయి. రెండో పాయను మైలాయిడ్ అంటారు. పుట్టుకతోనే మనకు తోడుండే, ఏ శిక్షణా అక్కర్లేకుండా క్రిమిని చూడగానే మింగేసే కణాల్లో ఎక్కువ భాగం ఇటునుంచే వస్తాయి. న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు, ఇయోసినోఫిల్స్, బేసోఫిల్స్ ఈ పాయవే. న్యూట్రోఫిల్‌కూ మోనోసైట్‌కూ దాదాపు చివరిదాకా తల్లికణం ఒకటే. కణం లోపల ఏ జన్యువులు పనిచేయాలో నిర్ణయించే కొన్ని ప్రోటీన్లలో ఏది పైచేయి అయిందన్నదాన్ని బట్టి అది ఇటో అటో తిరుగుతుంది. ఈ చీలికలు పాఠ్యపుస్తకాల్లో బొమ్మ గీసినంత నిక్కచ్చిగా ఉండవని, ఒక్కో కణాన్నీ విడిగా పరీక్షించే కొత్త పద్ధతులు వచ్చాక తెలిసింది. మీ బాబు సంగతి అర్థం కావడానికి మాత్రం ఆ పాత బొమ్మే చాలు.

న్యూట్రోఫిల్ దారిలో పడిన కణం మైలోబ్లాస్ట్, ప్రోమైలోసైట్, మైలోసైట్, మెటామైలోసైట్, బ్యాండ్ అనే దశలు దాటి చివరికి న్యూట్రోఫిల్ అవుతుంది. ఇందుకు దాదాపు రెండు వారాలు పడుతుంది. పెద్దవాళ్ల మజ్జ రోజుకు సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారుచేస్తుంది. అవి రక్తంలో ఉండే కాలం చాలా తక్కువ కాబట్టి ఈ తయారీ ఒక్క రోజు కూడా ఆగడానికి లేదు. మీ బాబు మజ్జలో మైలోబ్లాస్ట్‌లు ఉన్నాయి, ప్రోమైలోసైట్లు కూడా ఉన్నాయి. ఆ తర్వాతి దశల కణాలు కనపడటం లేదు. రిపోర్టులో రాసింది ఇదే. మజ్జ ఎండిపోలేదు, ఖాళీగా లేదు. మొదలైన పని రెండో మెట్టు దగ్గర తెగిపోతోంది. ఇలా పుట్టుకతోనే న్యూట్రోఫిల్స్ బాగా తక్కువగా ఉండే జబ్బును సివియర్ కాంజెనిటల్ న్యూట్రోపీనియా అంటారు.

మీరు పంపిన కాగితాల్లో మోనోసైట్లు మామూలుకంటే ఎక్కువగా ఉన్నాయి. ఆ అంకె చూసి కూడా మీరు కంగారుపడ్డట్టున్నారు. ఈ జబ్బున్న పిల్లల్లో చాలామందికి అలాగే ఉంటుంది. తల్లికణం ఒకటే అన్నాను కదా, ఒక పక్క పని ఆగితే రెండో పక్క పెరిగి కనిపిస్తుంది. మోనోసైట్లు కూడా క్రిములను మింగుతాయి. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, మెదడులో స్థిరపడిన మాక్రోఫేజులు అనే కణాలూ ఉంటాయి. వాటిలో చాలా భాగం బిడ్డ కడుపులో ఉన్నప్పుడే, పచ్చసొన సంచి నుంచీ పిండం కాలేయం నుంచీ వచ్చి చేరినవి. ఇవన్నీ కలిసి బాబును కొంత కాపాడుతున్నాయి. కానీ బ్యాక్టీరియా చొరబడిన చోటికి గంటల్లో వేలకు వేలుగా చేరి పోరాడే పని న్యూట్రోఫిల్‌దే. ఆ లోటును మిగతావి పూడ్చలేవు. లింఫోసైట్ల పాయ బాగానే ఉంది కాబట్టి టీకాలు బాబుకు పనిచేస్తాయి. టీకాలు మానేయకండి. బతికున్న బ్యాక్టీరియాతో చేసే టీకాల విషయంలో మాత్రం స్పెషలిస్టును అడిగాకే వేయించండి.

సరిగ్గా ప్రోమైలోసైట్ దగ్గరే ఎందుకు ఆగుతుంది? నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. క్రిములను చంపే ఎంజైములను న్యూట్రోఫిల్ చిన్న చిన్న రేణువుల్లో దాచుకుంటుంది. ఆ రేణువుల్లో మొదటి విడత తయారయ్యేది ప్రోమైలోసైట్ దశలోనే. అందులో ఎలాస్టేజ్ అనే ఎంజైము ఒకటి. దాన్ని తయారుచేసే జన్యువు ఈలేన్. ఆ జన్యువులో తప్పు ఉంటే ఎంజైము సరిగ్గా ముడుచుకోదు. వంకర ప్రోటీన్ కణంలో పేరుకుని, కణం ఆ ఒత్తిడికి అక్కడే చనిపోతుంది. ఆ ఎంజైము అవసరం లేని మోనోసైట్ దారికీ, ఎర్రకణాల దారికీ ఏమీ కాదు. ఇంకో జన్యువు హ్యాక్స్-1. దాని పని కణాన్ని అకాలంగా చావకుండా కాపాడటం. ప్రతి జన్యువుకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలుంటాయి. ఈ రెండు కాపీలూ పాడైతే న్యూట్రోఫిల్ కాబోయే కణాలు ముందే రాలిపోతాయి. జి6పీసీ3 లాంటివి మరికొన్ని ఉన్నాయి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏ జన్యువో తెలిస్తే మాత్రం మీ ప్రశ్నలకు జవాబులు మారిపోతాయి. డాక్టరు జన్యుపరీక్ష అడిగింది అందుకే. ఇంట్లో ఏ ఖర్చు వాయిదా వేసినా ఈ పరీక్ష వాయిదా వేయకండి.

ఇది తెలిశాక ఇమ్యూనిటీ పొడి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. జన్యువులోని తప్పును ఏ పొడీ సరిచేయలేదు. ఎలా తయారైందో, ఎక్కడ ఎండబెట్టారో తెలియని ఆకుల పొడిని ఇలాంటి బిడ్డ పాలల్లో కలపడమే ప్రమాదం. ఈ రోజే ఆపండి. చెవిలో నూనె పోయడం, గడ్డ మీద పసరు కట్టడం కూడా వద్దు. కోటప్పకొండ మొక్కు విషయంలో అత్తగారి మనసు నొప్పించాల్సిన పని లేదు. భయమల్లా బ్లేడుతో గుండు చేయించినప్పుడు తెగే సన్నటి గాట్లు, తిరునాళ్ల జనం. బాబు లెక్కలు మెరుగయ్యేదాకా మొక్కు వాయిదా వేసుకోవచ్చు. లేదా జనం లేని రోజు చూసి మూడు కత్తెర్లు ఇప్పించి, పూర్తి మొక్కు తర్వాత తీర్చుకుంటామని దణ్ణం పెట్టుకోవచ్చు. చెవులు కుట్టించడమూ అప్పటిదాకా ఆపండి. ఆ మాట డాక్టరు నోట చెప్పిస్తే ఆవిడ వింటారు.

ఇక ఇంజెక్షన్. మీ మరిది చెప్పినదాంట్లో నిజం ఉంది, కానీ సగమే. ఆ మందు పేరు ఫిల్‌గ్రాస్టిమ్. మన శరీరమే తయారుచేసుకునే జి-సి-ఎస్-ఎఫ్ అనే సంకేతానికి బయట తయారైన నకలు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో డొనాల్డ్ మెట్‌కాఫ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1960ల నుంచి మజ్జ కణాలను గాజు పళ్లేల్లో పెంచుతూ, ఏదో ఒక పదార్థం అందితే తప్ప అవి తెల్లకణాల గుంపులుగా ఎదగవని గమనించారు. అలాంటి పదార్థాల్లో ఒకటి ఇది. మనిషి జి-సి-ఎస్-ఎఫ్ జన్యువును 1986లో వేరుచేశారు. 1989లో ఇదే జబ్బున్న ఐదుగురికి ఇచ్చి చూస్తే ఐదుగురిలోనూ న్యూట్రోఫిల్స్ పెరిగాయి. అంతకుముందు ఈ పిల్లల్లో ఎక్కువమంది మొదటి కొన్నేళ్లలోనే ఇన్ఫెక్షన్లతో పోయేవారు. ఇప్పుడు వందకు తొంభై మందికి పైగా ఈ మందుకు స్పందిస్తున్నారు. జన్యువులోని తప్పు అలాగే ఉంటుంది. మధ్యలో చావకుండా మిగిలిన కొద్ది కణాలను ఈ మందు ముందుకు తోస్తుంది. అందుకే మందు ఆపితే లెక్క మళ్లీ పడిపోతుంది.

క్యాన్సర్ మాట. ఈ జబ్బుతో పుట్టి చాలా ఏళ్లు ఇంజెక్షన్ వాడిన పిల్లల వివరాలను ఒక అంతర్జాతీయ రిజిస్ట్రీ దశాబ్దాలుగా రాసి ఉంచుతోంది. అందులో 15 ఏళ్ల కాలంలో వందకు సుమారు 22 మందికి లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, లేదా దానికి ముందు దశ వచ్చింది. ఇది చిన్న అంకె కాదు, మీ దగ్గర దాచను. కానీ ఈ మందు లేని రోజుల్లో కూడా, బతికి బయటపడ్డ కొద్దిమందిలో లుకేమియా కనిపించింది. అంటే ఆ గుణం చాలావరకు జబ్బులోనే ఉంది. అసలు ప్రమాదం ఎక్కువగా ఉన్నది చాలా పెద్ద డోసు ఇచ్చినా స్పందించని పిల్లలకు. తక్కువ డోసుతోనే లెక్క వెయ్యి దాటే పిల్లలకు ప్రమాదం తక్కువ. మీ బాబు ఏ గుంపులో ఉన్నాడో ఇంజెక్షన్ మొదలుపెడితే తప్ప తెలియదు.

కాబట్టి మీ ముందున్న దారులు ఇవి. ఇంజెక్షన్ వద్దనుకుంటే, ఎప్పుడో వస్తుందో రాదో తెలియని జబ్బుకు భయపడి, ఈ నెలలోనో వచ్చే నెలలోనో రాగల సెప్సిస్‌కు, అంటే ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్‌కు, బిడ్డను వదిలినట్టవుతుంది. ఈ దారి నేను ఏ తల్లికీ చెప్పలేను. ఇంజెక్షన్ మొదలుపెడితే ఎముకల నొప్పులు ఉండవచ్చు, ప్లీహం కొంత పెరగవచ్చు, మొదట్లో తరచుగా, తర్వాత కొన్ని నెలలకొకసారి రక్తపరీక్ష, ఏడాదికోసారి మజ్జ పరీక్ష తప్పవు. ఆ వార్షిక పరీక్షే మరిది భయానికి సరైన జవాబు. చెడు మార్పు మొదలైతే ముందుగానే దొరుకుతుంది, అప్పుడు మజ్జ మార్పిడికి త్వరపడవచ్చు. మందు మన దేశంలోనే తయారవుతోంది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2001లోనే మార్కెట్లోకి తెచ్చింది, తర్వాత ఇతర కంపెనీలూ తెచ్చాయి. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. గుంటూరు ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో ఇప్పుడే అనుకుని ఉంచండి. ఫ్రీజరులో మాత్రం పెట్టకండి.

మజ్జ మార్పిడి ఇంకో దారి. ఇక్కడ మార్చేది మూలకణాలనే. కాబట్టి ఈ జబ్బును మూలం నుంచి తీసేసే చికిత్స ఇదొక్కటే. దానికి మూల్యమూ ఉంది. ముందు బలమైన మందులతో పాత మజ్జను ఖాళీ చేయాలి. వారాల తరబడి విడి గదిలో ఉండాలి. కొత్త కణాలు బిడ్డ శరీరం మీదే తిరగబడే అవకాశం ఉంది. పెద్దయ్యాక సంతానం కలగకపోయే ప్రమాదం ఉంది. యూరప్ కేంద్రాలు ఈ జబ్బున్నవాళ్ల మార్పిడుల వివరాలు కూడబెట్టి చూస్తే, మూడేళ్ల తర్వాత వందకు సుమారు 80 మంది బతికి ఉన్నారు. ఇంజెక్షన్‌కు బాగా స్పందించే బిడ్డకు వెంటనే ఈ సాహసం చేయాలా అన్నదాని మీద డాక్టర్లలోనే ఒకే మాట లేదు. స్పందించకపోయినా, వార్షిక మజ్జ పరీక్షలో మార్పులు కనిపించినా అప్పుడు ఆలస్యం చేయరు. వెల్లూరు సీఎంసీలో 1986 నుంచి మార్పిడులు జరుగుతున్నాయి. మన వైపు నుంచి కాట్పాడి వెళ్లే రైళ్లలో ఇందుకోసమే పోయే కుటుంబాలు ఎన్నో. హైదరాబాద్, చెన్నైలోనూ మంచి కేంద్రాలున్నాయి. అవసరం రాకముందే ఒకసారి వెళ్లి అభిప్రాయం తీసుకోవడంలో నష్టమేమీ లేదు. డబ్బు విషయంలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానం కింద ఎంపిక చేసిన కేంద్రాల్లో 50 లక్షల దాకా సాయం ఉంది. హైదరాబాద్ నిమ్స్ అలాంటి కేంద్రమే. బాబు జబ్బుకు అది వర్తిస్తుందో లేదో అక్కడి నిపుణులే తేల్చాలి. జన్యుపరీక్ష రిపోర్టు లేకుండా వెళ్తే మాత్రం వాళ్లు ఏమీ చెప్పలేరు.

పాప గురించి బంధువులు అంటున్నది పూర్తిగా తప్పు. ముందు తనకూ తమ్ముడికీ జోడీ కుదిరిందా, అంటే తన మజ్జ బాబుకు సరిపోతుందా అన్నది రక్తపరీక్షతో తెలుస్తుంది. తోబుట్టువుల్లో ఆ అవకాశం నాలుగింట ఒకటి. కుదిరి, పాపకు ఈ జబ్బు లేదని జన్యుపరీక్షలో తేలితే, మత్తులో కటి ఎముక నుంచి కొంత మజ్జ తీస్తారు. కొద్ది రోజులు నొప్పి, తర్వాత మామూలే. తీసిన మజ్జ కొన్ని వారాల్లో మళ్లీ నిండుతుంది. పెళ్లికీ, పిల్లలకూ దీనితో ఏ సంబంధమూ లేదు. అయినా ఆరేళ్ల పిల్ల కదా, తన ఒంటి మీద జరిగేదాన్ని తనకు అర్థమయ్యే మాటల్లో ముందే చెప్పండి. పెద్దవాళ్ల గుసగుసల్లోంచి తెలుసుకోనివ్వకండి.

"మా అమ్మ వల్లే అయితే అదైనా చెప్పండి" అన్నారు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తప్పు ఈలేన్ జన్యువులో అని తేలితే, ఒక్క కాపీ పాడైనా జబ్బు వస్తుంది. మీ ఇద్దరిలో ఎవరికీ ఆ జబ్బు లక్షణాలు లేవు కాబట్టి అది చాలావరకు బాబులోనే కొత్తగా పుట్టిన మార్పు అయి ఉంటుంది. అప్పుడు మేనరికానికీ దీనికీ సంబంధమే లేదు. మీ ఇద్దరినీ పరీక్షిస్తే అదీ తేలిపోతుంది. హ్యాక్స్-1 లాంటిది అయితే రెండు కాపీలూ పాడవ్వాలి, అంటే మీ దగ్గర నుంచి ఒకటి, మీవారి దగ్గర నుంచి ఒకటి. మేనరికంలో అవి రెండూ ఎక్కడివి? మీ నాన్నగారూ మీ అత్తయ్యా ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లు. ఎక్కువ అవకాశం ఏమిటంటే, వాళ్ల అమ్మానాన్నల్లో ఒకరి దగ్గర పాడైన ఒక కాపీ ఉండి, అది మీ నాన్నగారి ద్వారా మీకూ, అత్తయ్య ద్వారా మీవారికీ చేరింది. అంటే ఈ మొత్తం లెక్కలో మీ అమ్మగారికి చోటు దొరికే అవకాశమే తక్కువ. ఒక్క కాపీ ఉన్నవాళ్లకు జబ్బు రాదు, కాబట్టి తరాల పాటు ఎవరికీ తెలియదు. ఇందులో ఎవరూ చేసిన తప్పు లేదు. కడుపుతో ఉన్నప్పుడు మీరు తిన్నదీ, తిననిదీ కూడా కారణం కాదు. ఈ జబ్బును రోల్ఫ్ కోస్ట్‌మన్ అనే డాక్టరు వర్ణించినది ఉత్తర స్వీడన్‌లో, బంధుత్వాలు కలిసిన కుటుంబాల్లోనే. అది 1956లో. అందుకు కారణం హ్యాక్స్-1 అని 2007లో గానీ తెలియలేదు. వైద్యులకే యాభై ఏళ్లు పట్టింది.

అయితే ఈ లెక్కను అత్తగారి మీదికి తిప్పికొట్టే ఆయుధంగా వాడొద్దు. మీ అమ్మను అన్నప్పుడు మీకు ఎంత నొప్పి కలిగిందో, "మీ పుట్టింటి నుంచే" అంటే ఆవిడకూ అంతే. ఆవిడ పుట్టిల్లూ మీ పుట్టిల్లూ ఒకటే కదా. రిపోర్టు వచ్చాక జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి మీరిద్దరూ అత్తగారిని కూడా తీసుకువెళ్లి, కౌన్సెలర్ చేత చెప్పించండి.

మీవారి మౌనం ప్రేమ లేకపోవడం అని నాకు అనిపించడం లేదు. భయమని అనిపిస్తోంది. తమ్ముడు క్యాన్సర్ అన్నాడు, అమ్మ మొక్కు అంది, మీరు ఇంజెక్షన్ అన్నారు, ఏది ఎంచుకున్నా తప్పు తన మీదికొస్తుందన్న భయం. ఆయనతో వాదించకండి, ఒక పని అప్పగించండి. ఈ ఇంజెక్షన్ చర్మం కింద ఇచ్చేది, ఇంట్లోనే ఇవ్వడం నర్సులు నేర్పుతారు. నేర్చుకునేది ఆయనే కానివ్వండి. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయననూ మరిదినీ ఇద్దరినీ తీసుకువెళ్లి, క్యాన్సర్ ప్రశ్న మరిదినే అడగమనండి. భయపడి అయినా వెతికి చదివిన మనిషి, సరైన వివరం దొరికితే మీకు అండ అవుతాడు. ఆ అపాయింట్‌మెంట్ కోసం ఇంజెక్షన్ మాత్రం ఆపొద్దు.

మూడో బిడ్డ గురించి ఉత్తరం చివర ఒక్క వాక్యం రాశారు, బాబుకు మజ్జ కోసమైనా కనమంటున్నారని. రెండు కాపీల రకం అయితే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. జబ్బు లేకుండా, జోడీ కూడా కుదిరే అవకాశం పదహారింట మూడు. ఆ బిడ్డ మీకు కావాలనిపిస్తే కనండి, మందు కోసం మాత్రం వద్దు.

ఇక మీ తమ్ముడి పెళ్లి. జన్యుపరీక్షలో కొత్తగా పుట్టిన మార్పు అని తేలితే ఈ జబ్బు వరకు ఆ పెళ్లికి అడ్డేమీ లేదు, మీరు నోరు విప్పాల్సిన అవసరమే రాదు. రెండు కాపీల రకం అని తేలితే, మీ తమ్ముడికి ఒక పాడైన కాపీ ఉండే అవకాశం సగం, మీ ఆడపడుచుకూ సగం. ఇద్దరికీ ఉండే అవకాశం నాలుగింట ఒకటి. అప్పుడు పుట్టే ఒక్కో బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం మళ్లీ నాలుగింట ఒకటి. అన్నీ కలిపితే, పరీక్ష ఏదీ చేయించకముందు, పదహారింట ఒకటి. బాబులో ఏ మార్పు ఉందో తెలిశాక వాళ్లిద్దరికీ చేయాల్సింది ఆ ఒక్క మార్పు కోసం చిన్న రక్తపరీక్ష. ఒకరికి లేకపోయినా చాలు, ఈ భయం పోతుంది. ఇద్దరికీ ఉంటే ఆ సంగతి తెలిసి పెళ్లి చేసుకుని, కడుపుతో ఉన్న మూడో నెలలోనే బిడ్డకు పరీక్ష చేయించుకోవచ్చు. వద్దనుకుని వేరే సంబంధాలూ చూసుకోవచ్చు. అది వాళ్లిద్దరి నిర్ణయం. మీ మీద ఉన్నది వాళ్లకు తెలియజేసే బాధ్యత వరకే.

ఎలా చెప్పాలన్నదానికి కొన్ని దారులున్నాయి. ఇప్పుడే, రిపోర్టు రాకముందే ఇంట్లో అందరి ముందూ చెప్తే, తీరా సంబంధం లేదని తేలినప్పుడు ఆ మచ్చ అనవసరంగా మీ మీద మిగులుతుంది. తమ్ముడికి ఒక్కడికే చెవిలో చెప్తే, అతను వెనక్కి తగ్గితే కారణం చెప్పలేడు, చెప్తే మీ ఆడపడుచు దృష్టిలో మీరు వెనక నుంచి పెళ్లి చెడగొట్టినవారవుతారు. ఆ అమ్మాయికి కూడా అంతే హక్కుంది, తన పిల్లలే కదా. నాకు మంచిదనిపించేది రిపోర్టు వచ్చిన రోజున మీరూ మీవారూ కలిసి, పెద్దలకంటే ముందు ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పడం, వెంటనే కౌన్సెలర్ దగ్గరికి పంపడం. మీవారు పక్కన ఉంటే ఇది పుట్టింటి మాటా కాదు, అత్తింటి మాటా కాదు. ఆయన ససేమిరా అంటే మీరొక్కరే చెప్పండి, కానీ ఇద్దరికీ ఒకేసారి చెప్పండి. రిపోర్టు ఆలస్యమైతే నిశ్చితార్థం ఒక నెల జరపమని అడగడానికి బాబు ఆరోగ్యమే సరిపడా కారణం, అందులో అబద్ధమేమీ లేదు. ఇలాంటి రిపోర్టుకు కొన్ని వారాలు పడుతుంది. మాఘం లోపల అది చేతికి రావాలంటే ముగ్గురి రక్తం, బాబుదీ మీదీ మీవారిదీ, ఈ వారంలోనే ల్యాబుకు వెళ్లాలి.